యాది బిళ్ళలు

బెల్లంపల్లి,
4 ఫిబ్రవరి 1963

నా బిడ్డ నర్మదకు,

నీ బాపు సిద్దిరాములు, నీ ముందర పీట వేసుకొని కూర్చున్నట్టే అనుకొని వ్రాయునది. నీవు, అల్లుడు కైలాసం, పెద్దోడు, కొత్తగా వచ్చిన నా మనుమరాలు అందరూ బాగున్నారని తలుస్తాను. మనుమరాలికి నా ముక్కు వచ్చిందని మీ అవ్వ వ్రాయించినది. పాపం చిన్న పిల్ల, దానికేం తెలుసు. అయినా నాకు ఎంత సంతోషమైనదంటే, ఆ కార్డు పట్టుకొని మన క్వార్టర్ల లైను ఈ కొస నుండి ఆ కొస దాకా చదివి వినిపించినాను. మీ అవ్వను ఇంకో మూడు నెలలు అక్కడే ఉంచుకో. బాలింతకు తోడు కావాలె. నాకేం ఫికర్ లేదు. జొన్నరొట్టె నేనే చేసుకుంటున్నాను. గుండ్రంగా రాకపోతే ఏమైతది, ఎట్లాగూ తుంచుకొనే తింటాము కదా.

ఇగ అసలు సంగతి. మా బొగ్గు బాయికి కొత్త బిళ్ళలు వచ్చినవి. అల్యూమినియంవి, ఊదితే ఎగిరేటట్టున్నవి. నేను ఇరవై ఆరేండ్లు ఈ చేతులతో గోడ మొలలకు తగిలించిన పాత ఇత్తడి బిళ్ళలను, ఒక దిక్కు ఉర్దూ అంకెలు, ఒక దిక్కు ఇంగ్లీషు అంకెలు కొట్టిన నిజాం నాటి బిళ్ళలను, గోనెసంచిలో పోసి గోదాము వెనుక పడేసినారు. వాన పడితే చిలుము పట్టేది. స్టోరు బాబును అడిగితే "తీస్కపో తాతా, జాగ ఖాళీ అయితది" అన్నాడు. సైకిలు వెనుక కట్టుకొని, తొక్కకుండా, నడిపించుకుంటూ తెచ్చినాను. ఆ చప్పుడు వింటుంటే రిటైరైన ఐదేండ్లకు మళ్ళీ డ్యూటీకి పోతున్నట్టే అనిపించినది.

వెండి తీగ పని చేసే అల్లుడికి బాయి సంగతి తెలియదు, నీవు చెప్పు. కిందికి దిగే మనిషి లాంపు రూములో నాకు బిళ్ళ ఇస్తాడు, నేను దీపం ఇస్తాను. బిళ్ళను అతని నంబరు మొలకు తగిలిస్తాను. పైకి వచ్చి దీపం ఇచ్చినప్పుడు బిళ్ళ తీసి ఇచ్చేస్తాను. మొల మీద బిళ్ళ ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. మొల ఖాళీగా ఉంటే ఇంటికి పోయినట్టు. ఎనిమిది వందల మంది నంబర్లు నాకు నోటికి వచ్చు.

పోయినసారి మీ దుకాణంలో ఒక పెద్దమనిషి వెండి పెట్టె కొని, "ఈ దిక్కు యాదికి జర చిన్నది, చవుకది ఏమన్న లేదా" అని అడిగినట్టు కైలాసం చెప్పలేదా. ఇదిగో, ఇదే. ఒక కొలికి వేస్తే తాళాల గుత్తికి పెట్టుకోవచ్చును. మన లైను మొగిలి తన అత్తగారి ఊరు సుల్తానాబాదుకు పోతున్నాడు, అక్కడి నుండి బస్సెక్కి మీ ఇంటికి వచ్చి నలభై బిళ్ళలు ఇస్తాడు. అతనికి అన్నం పెట్టు. రెండోసారి వడ్డిస్తే వద్దంటాడు గాని, వెయ్యి.

ముక్కు కోసం ఎదురుచూస్తూ,
నీ బాపు


కరీంనగర్,
18 ఫిబ్రవరి 1963

బాపుకు,

నర్మద కాళ్ళకు మొక్కి వ్రాస్తున్నది. మొగిలి మామ బిళ్ళలు ఇచ్చి వెళ్ళాడు. మూడుసార్లు వడ్డించాను, మూడుసార్లూ వద్దన్నాడు.

ఈయన మొదట ఇత్తడిని చూసి మొహం ముడుచుకున్నాడు. "మేము వెండి ముట్టుకునేటోళ్ళం" అన్నాడు. ఒకటి చింతపండుతో తోమి చేతికిచ్చేసరికి పటకారు అందుకున్నాడు. అంచు చుట్టూ వెంట్రుకంత వెండి తీగ తిప్పి, కొలికి అతికించాడు. తొమ్మిది రోజుల్లో ఇరవై రెండు పోయాయి. ఒక బస్సు డ్రైవరు తన బస్సు నంబరు వెతుక్కొని తీసుకున్నాడు. ఒక వకీలు ఇంటి నంబరు కావాలని సంచి అంతా కిందపోశాడు. మేము వీటిని యాది బిళ్ళలని పిలుస్తున్నాము.

హైదరాబాదు నుండి వచ్చిన ఒకామె 217 పట్టుకొని "ఇది ఎవరిది?" అని అడిగింది. మొగిలి మామదని, ఆయన సంగతి నాకు తెలిసినంత చెప్పాను. ఆమె ఇంకో రెండు తీసుకొని, వీటివి కూడా చెప్పమన్నది. నాకు తెలియదు. అందుకని బాపూ, ఒక్కొక్క నంబరుకు ఒక చిన్న చిట్టీ వ్రాసి పంపు. అవ్వ విని ఏమన్నదో చెప్పనా? "ఉప్పు పొట్లం తెమ్మంటె యాదికుండది గని, ఎనిమిది నూర్ల మంది నంబర్లు యాదికుంటయి మనిషికి" అన్నది.

మొగిలి మామ ఏరి చూపించిన మన లైను వాళ్ళవి పన్నెండు తయారుచేసి పంపుతున్నాను, నువ్వు చూసుకోవడానికి. పాప ముక్కు నీదే. మారుతుందేమోనని అవ్వ రోజూ నూనె పెట్టి లాగుతున్నది.

నర్మద


బెల్లంపల్లి,
1 మార్చి 1963

నా బంగారు బిడ్డ నర్మదకు,

పన్నెండు బిళ్ళలు చేరినవి. కిటికీ దగ్గర దారానికి కట్టి వేలాడదీసి పొద్దంతా చూసినాను. అల్లుడి చేతులకు దండం. మా తాత వెండి బంగారాల ఔసుల పని చేసినవాడు, నాకు ఆ పని రాలేదు, బొగ్గు దీపాలు తుడుచుకుంటూ బతికినాను. ఇప్పుడు నా దీపాల బిళ్ళలకు వెండి అంచు వచ్చినది. ఈ సంతోషం ఎవరికి చెప్పాలె, నీకే చెప్పాలె.

చిట్టీలు యాభై వ్రాసినాను. రెండు ఇక్కడ వ్రాస్తాను, నవ్వుకో. "నంబరు 217, మొగిలి. దిగే ముందర చెప్పులు లాంపు రూము కిటికీ కింద విడిచి, 'నేనొచ్చేదాక పైలం' అని చెప్పి పోయేవాడు. నాకు కాదు, చెప్పులకు." ఇంకొకటి. "నంబరు 64, కొమురెల్లి. దీపం తీసుకొని ప్రతి రోజూ 'దీనికన్న మా ఇంటామె కండ్లు నయం' అనేవాడు. ఒకనాడు సద్ది తెచ్చిన ఆమె విన్నది. మరునాటి నుండి సద్దిలో మామిడి తొక్కు ఎక్కువ వచ్చేది."

నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చినది. ఈ పన్నెండు అమ్మను. ఎవరి బిళ్ళ వాళ్ళకే ఇంటింటికి పోయి ఉత్తగనే ఇస్తాను. ఎవరో హైదరాబాదు ఆమె మొగిలి బిళ్ళ పెట్టుకొని తిరిగితే మన లైను వాళ్ళకు ఎందుకు లేదు? నా లాంపు రూము కాకీ కోటు పెట్టెలో నుండి తీసి ఇస్త్రీ చేయించినాను. ఉట్టి బనీనుతో పోయి ఇస్తే మర్యాదగా ఉండదు కదా. సోమవారం పొద్దున మొదలుపెడతాను. వాళ్ళ మొహాలు ఎట్లా వెలుగుతాయో చూసి నీకు వ్రాస్తాను.

ఆగలేక ఆగుతున్న
నీ బాపు


బెల్లంపల్లి,
9 మార్చి 1963

బిడ్డ నర్మదకు,

నీ జవాబు రాకముందే మళ్ళీ వ్రాయుచున్నాను. ఇక్కడ అంతా బాగున్నది. ఎండలు ముదిరినవి.

బిళ్ళలు పంచే పని జర ఆగినది. సోమవారం కోటు వేసుకొని మొదట రాజలింగు ఇంటికి పోయినాను. రాజలింగు పొద్దటి షిఫ్టు. అతని భార్య మల్లక్క గడపలో బియ్యం చెరుగుతున్నది. నేను బిళ్ళ అరచేతిలో పెట్టి చాపినాను. ఆమె నా మొహం చూసి, చెయ్యి చూసి, చాట వదిలేసినది. "ఏ షిఫ్టుల అన్నా? ఇప్పటి షిఫ్టులనేనా?" అన్నది. "నీ పెనిమిటిదేనక్కా, తీసుకో, పైసలేం వద్దు" అన్నాను. అక్కడే కూలబడి రొమ్ము గుద్దుకొనుడు మొదలుపెట్టినది. లైనంతా పోగైనది. రాజలింగు ఆ రోజు పనికి నాగా పెట్టి మంగలి దగ్గర కూర్చున్నాడట. సగం గడ్డంతో, సగం నురుగుతో ఉరికి వచ్చినాడు. "ఏమైందే, ఎవలు పోయిండ్రే" అని అతనే అడుగుతున్నాడు. ఆమె లేచి, ముందు అతన్ని రెండు కొట్టి, తర్వాత బిళ్ళ నా కోటు మీద విసిరినది.

ఎండకు తల తిరిగి ఉంటుంది పాపం. తర్వాత ఇంకో రెండిండ్లకు పోయినాను గాని తలుపులు వేసి ఉన్నవి. అమ్మడానికి వచ్చినానని అనుకున్నట్టున్నారు. మనకు దుకాణం సాగుతున్నదని కండ్లమంట కూడా ఉండవచ్చును. నీవేమీ మనసుకు పట్టించుకోకు. అల్లుడిని అడిగినానని చెప్పు.

నీ బాపు


కరీంనగర్,
17 మార్చి 1963

బాపుకు,

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. విన్న తర్వాత ఆమె చాలాసేపు పాపను ఒళ్ళో నుండి దించలేదు. అన్నం తినమంటే "కోటేసుకొని పోయిండా" అని ఒక్క మాట అన్నది.

బాపూ, కండ్లమంట కాదు. నీకు నేను ఎట్లా చెప్పాలో తెలియడం లేదు, అయినా చెప్తాను. నాకు ఎనిమిదేండ్లప్పుడు మేము లైనులో ఆడుకునేవాళ్ళం. నువ్వు పగటి పూట, డ్యూటీ మధ్యలో, కోటు గుండీలన్నీ పెట్టుకొని వచ్చావంటే ఎవరో పైకి రాలేదని. మొల మీద మిగిలిపోయిన బిళ్ళ నీ చేతిలో ఉండేది. నువ్వు కొసన కనిపించగానే ఆడవాళ్ళు పొయ్యి మీద కుండలు దించేవాళ్ళు. పిల్లలం ఎవరి గడపకు వాళ్ళం పరుగెత్తేవాళ్ళం. నువ్వు ఎవరి ఇంటి ముందు ఆగుతావోనని లైనంతా చూసేది. నువ్వు మన ఇల్లు దాటిపోతే నేను ఊపిరి వదిలేదాన్ని. నువ్వే నా బాపువని, నువ్వు బతికే ఉన్నావని తెలిసి కూడా.

మల్లక్కది ఎండదెబ్బ కాదు బాపూ.

ఇక్కడ బిళ్ళలు ఇంకా అడుగుతున్నారు. చెయ్యమంటావా, ఆపమంటావా? ఈయన నీ మాట కోసం చూస్తున్నాడు.

నర్మద


బెల్లంపల్లి,
26 మార్చి 1963

బిడ్డ నర్మదకు,

నీకు అబద్ధం వ్రాసినాను. మల్లక్క "ఏ షిఫ్టుల" అన్నప్పుడే నాకు తెలిసినది. తెలిసి కూడా కాళ్ళు వెనుకకు తిరగక ఇంకో రెండిండ్ల దాకా పోయినవి. నేను ఆ సంతోషంలో ఉన్నాను కదా, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియలేదు.

నేను మన ఇల్లు దాటితే ఊపిరి వదిలేదాన్నని నీవు వ్రాసినావు. అది చదివి లాంతరు వెలిగించడం కూడా మరిచినాను. ఇరవై ఆరేండ్లలో పదకొండు ఇండ్లకు పోయినాను. ఆ నంబర్లు నేను చిట్టీలలో వ్రాయలేదు, చూసినావో లేదో. ఆ బిళ్ళలు సంచిలో లేవు. అవి ఇండ్లలోనే ఉన్నవి. నన్ను చూసి జనం లేచి నిలబడేది గౌరవమనుకున్నాను. కొంత గౌరవమూ ఉండవచ్చును.

ఇప్పుడు నీళ్ళకు నల్లా దగ్గరికి అందరూ పోయినంక పోతున్నాను. మల్లక్క చెంబు పెట్టి ఉంటే ఇంకా ఆగుతున్నాను. ఎవరింటికీ పోవడం లేదు. మీ అవ్వ లేదు, పోయి మాట్లాడుదామంటే ఏ తలుపు కొట్టాలె? నేను కొడితే ఎవరు తీస్తారు? నా సంగతి అంతే నర్మదా, వెనుకటిది ఏమో గాని ఇక ముందు ఈ లైనులో ఒక్క గడప నాకు కావాలె, లేకపోతే ఈ క్వార్టరు ఎవరికన్నా అప్పజెప్పి మీ ఊరికి రావలసిందే.

బిళ్ళలు ఆపెయ్యండి. మామకు మతి లేదని అల్లుడు నవ్వుకుంటూ ఉంటాడు. నవ్వుకోనీ.

సంచి మంచం కింద పెట్టినాను.
నీ బాపు


బెల్లంపల్లి,
8 ఏప్రిల్ 1963

బిడ్డ నర్మదకు,

నిన్న నా తలుపు ఒకరు కొట్టినారు. బిస్మిల్లా బీ. నీకు యాదికి ఉంటుంది, బొంతలు కుట్టే ఆమె, మూడో లైను. ఆమె భర్త ఇబ్రాహీం, నంబరు 188. నలభై తొమ్మిదిలో లోపల పని చేస్తూ చేస్తూ మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు, కూర్చున్నవాడు లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఆ బిళ్ళ నేనే ఆమె చేతిలో పెట్టినాను. పద్నాలుగేండ్లు. అప్పటి నుండి బజారులో ఎదురైతే సలాం చెప్పుకుంటాము, అంతే.

కొంగు ముడి విప్పి ఆ బిళ్ళ బయటికి తీసినది. నల్లగా అయినది. వాపసు ఇవ్వడానికి తెచ్చిందనుకొని "మాఫ్ చెయ్యి బీబీ" అన్నాను.

"దేనికి మాఫ్? కొలికి ఎయ్యి" అన్నది.

నాకు అర్థం కాలేదు.

"కరీంనగర్‌ల నీ బిళ్ళలు తాళాల గుత్తికి పెట్టుకుంటుండ్రట. మొగిలి చెప్పిండు. బక్రీదైన వారానికి మా షహర్ బానోకు నికా. మందమర్రి సంబంధం. దానికి వాళ్ళ అబ్బా మొఖం గూడ యాది లేదు, నాలుగేండ్ల పిల్ల అప్పుడు. ఫోటో లేదు. గీ బిళ్ళ ఒక్కటే ఉన్నది. ఇన్నేండ్లు పెట్టెల చుట్టిపెట్టిన, ఎవ్వర్ని ముట్టనియ్యలే. పెట్టెల ఉంటె ఎవలకు యాది? కొత్త ఇంటి తాళాలకు పెట్టుకొని పోతది."

పంపిస్తానన్నాను. తయారైనంక ఆమెకే పోస్టులో వస్తుందని చెప్పినాను. ఆమె లేచి నిలబడి "పోస్టేంది? అప్పుడు నువ్వే తెచ్చినవ్ గద సిద్దిరాములు భాయ్, ఇప్పుడు గూడ నువ్వే తేవాలె" అన్నది. గడప దాకా పోయి మళ్ళీ తిరిగి "చిట్టీ గూడ రాయి. ఉత్త బిళ్ళ తీసుకోను" అన్నది.

నర్మదా, బిళ్ళను రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. కొలికి వేయించి నీవే నేరుగా బిస్మిల్లా బీకి పంపు. నేను వ్రాసినానని చెప్పకు. నా చేతితో ఆమె గడపకు రెండోసారి తీసుకుపోలేను. లైనంతా చూస్తుంది.

నీ బాపు


కరీంనగర్,
24 ఏప్రిల్ 1963

బాపుకు,

బిళ్ళ చేరింది. ఈయన దాన్ని చూసి చింతపండు పక్కకు పెట్టేశాడు. "గీ నలుపు తోమేది కాదు" అన్నాడు. కొలికి మాత్రం వెండిది వేశాడు. రెండు రోజులు కూర్చున్నాడు ఒక్క కొలికికి.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. ఈయన నవ్వుకోలేదు. బిళ్ళలు ఆపమన్నది, వెండి అంచు పెట్టి దండగ చేసినందుకు నీకు కోపం వచ్చి అని అనుకున్నాడు. నెల రోజులుగా "మామకు ఏం రాయాలె" అని నా చుట్టూ తిరుగుతున్నాడు. నేను నవ్వాను, మీ ఇద్దరికీ కలిపి.

బాపూ, నేను బిస్మిల్లా బీకి పోస్టు చెయ్యను. ఆమె చెప్పిన మాట నువ్వే నాకు వ్రాశావు, వ్రాసి నన్ను కాదనమంటే ఎట్లా? అవ్వ వచ్చే బుధవారం బయలుదేరుతుంది, ఆమె చేతికి ఇచ్చి పంపుతాను. చిట్టీ నువ్వే వ్రాయాలి. మొగిలి మామ చెప్పుల గురించి యాదికున్న మనిషికి ఇబ్రాహీం చిచ్చా గురించి ఒక్కటి యాదికి లేదా?

మంచం కింద సంచి బయటికి తియ్యి. వసారాలో పెట్టి మూతి విప్పు. ఎవరింటికీ పోకు. కావలసినవాళ్ళు వచ్చి వాళ్ళది వెతుక్కుంటారు. మిగిలినవి మాకు పంపు. ఈసారి ఎవరి చిట్టీ అయినా వాళ్ళను అడిగి వ్రాయి.

కోటు వేసుకోవద్దని అవ్వ మరీ మరీ చెప్పమన్నది. తానే వచ్చి చెప్తుందిలే.

నర్మద


బెల్లంపల్లి,
10 మే 1963

నా తల్లి, నా బిడ్డ నర్మదకు,

నీ బాపు కాళ్ళు నేల మీద ఆనకుండా వ్రాయునది. అక్షరాలు వంకర పోతే సంతోషానికి పోయినవని అనుకో.

చిట్టీ వ్రాయడానికి నాలుగు రోజులు పట్టినది. ఎన్ని వ్రాసినా చచ్చిపోయినవాడి గురించి వ్రాసినట్టే ఉన్నది. మీ అవ్వ "పీనుగు ముంగట సదివేటట్టున్నది, చింపెయ్" అన్నది. చింపినాను. నిన్న పొద్దున రొట్టె తింటుండగా యాదికి వచ్చినది, చేయి కడుక్కోకుండానే వ్రాసినాను. పోయేటప్పుడు కోటు వేసుకోలేదు. మీ అవ్వ తెచ్చిన కొత్త తువ్వాల భుజం మీద వేసుకున్నాను. బిళ్ళ జేబులో పెడదామనుకున్నాను, దొంగతనం చేసినట్టు ఉంటుందని చేతిలోనే పట్టుకున్నాను.

మూడో లైను మొదట్లో నల్లా దగ్గర మల్లక్క బిందె పెట్టుకొని ఉన్నది. నా చెయ్యి చూసినది. నా కాళ్ళు ఆగినవి.

"అన్నా, గీసారి ఎవల్దో ముంగట చెప్పి కదులు. మా ఆయనకు ఇంకో సగం గడ్డం గీయించే ఓపిక లేదు నాకు" అన్నది.

"నికాది అక్కా" అన్నాను.

"అయితె జల్ది పో" అని బిందె పక్కకు జరిపి తోవ ఇచ్చినది.

బిస్మిల్లా బీ గడపలో నిలబడి ఉన్నది. చెయ్యి చాపినాను. అప్పటి లాగానే రెండు చేతులు పట్టి తీసుకున్నది. కొలికి చూసినది, నలుపు చూసినది. "తోమలే" అన్నది. "మా అల్లుడు వద్దన్నడు" అన్నాను. తల ఊపినది. ఆమెకు తెలుగు చదవడం రాదు, షహర్ బానోను పిలిచి చిట్టీ ఇచ్చినది. పిల్ల పైకి చదివినది. నేను నేల చూసుకుంటూ నిలబడినాను. ఇదీ ఆ చిట్టీ.

"నంబరు 188, ఇబ్రాహీం. అందరూ దీపం మసితో తెచ్చి ఇచ్చేవారు. ఈయన మాత్రం రుమాలుతో గాజు తుడిచి, వెలుగుకు పెట్టి చూసుకొని ఇచ్చేవాడు. మా బాయిలో అట్లా ఇచ్చినవాడు ఇంకొకడు లేడు."

అప్పుడు బిస్మిల్లా బీ నడుము మీద చేతులు పెట్టుకున్నది.

"గాజు తుడిచేటోడా? ఇంట్ల తిన్న పళ్ళెం గూడ ఎత్తలే ఎన్నడు" అన్నది.

పిల్ల ముందు నవ్వినది. తర్వాత తల్లి. తర్వాత నేను. షహర్ బానో ఆ చిట్టీని మళ్ళీ చదివి, "అమ్మీ, మంచిగ తుడుస్తుండెనట" అని తల్లికే చెప్పినది, తండ్రి తరఫున మాట్లాడినట్టు. అది బిళ్ళను తాళాలకు ఎక్కించుకొని గదిలోకి బయటికి తిరుగుతుంటే ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉన్నది.

మా వసారాలో సంచి విప్పి పెట్టినాను. కొమురెల్లి భార్య వచ్చి 64 వెతుక్కొని తీసుకున్నది. చిట్టీ వద్దన్నది, వ్రాస్తే మా కండ్ల సంగతి ఊరంతా తెలుస్తుందని. మిగిలినవి మొగిలి తెస్తాడు, అల్లుడిని వెండి అంచే పెట్టమను. కోపం లేదని నేను చెప్పినట్టు కాదు, ఈ ఉత్తరమే అతనికి చదివి వినిపించు.

ఇంకొకటి వ్రాసి ముగిస్తాను. పదకొండు ఇండ్లకు బిళ్ళ పట్టుకొని పోయినాను గాని ఎవరూ నన్ను కూర్చోమనలేదు. అనరు కదా, ఎట్లా అంటారు. ఇచ్చి, నిలబడి, తిరిగి వచ్చేవాడిని. నిన్న బిస్మిల్లా బీ బొంతలన్నీ జరిపి మంచం వాల్చినది. "నిలబడ్డవేంది, కూసో" అన్నది. కూర్చున్నాను. చాయ్ ఇచ్చినది, బెల్లం ఎక్కువ వేసినది.

తాగి, గ్లాసు కింద పెట్టి, ఇంకొంచెం పొయ్యమని నేనే అడిగినాను.

నీ బాపు
సిద్దిరాములు